మూడు నల్ల గీతల బాణం

మా అవ్వ సవాగ తన చేతులతో మూడు వందల మంది శత్రువులను నేలకూల్చింది. అందులో నలభై మందిని ఒక్క పూటలో, గుర్రం దిగకుండా, మధ్యమధ్య ఉల్లిపాయ కొరుక్కుంటూ కూల్చింది. ఆమె వింటినారి మోగిన చప్పుడుకు తనాయిస్ నది ఒకసారి నాలుగడుగులు వెనక్కి నడిచింది. అవతలి ఒడ్డున సిథియన్ తల్లులు పాలు తాగని పిల్లలను దారికి తేవడానికి ఇప్పటికీ ఆమె పేరే వాడతారు.

ఇదంతా మా తాత కసాగు మాట. తాత బతికున్నన్నాళ్ళూ పులిసిన గుర్రప్పాలు లోపలికి పోగానే ఈ కథ మొదలయ్యేది. మొదటి గిన్నెకు వంద మంది, రెండో గిన్నెకు రెండు వందలు, మూడో గిన్నెకు మూడు వందలు. నాలుగో గిన్నె అవ్వ పోసేది కాదు కాబట్టి మిగతా సిథియన్లు బతికిపోయారు.

అవ్వను చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. నమ్మడానికి ఆమె ఒకచోట నిలిస్తే కదా. కంబళి మీద కూర్చుంటుంది, మూడు ఊపిర్లు తీస్తుంది, లేస్తుంది. బండి చక్రానికి కట్టిన ముడి లాగి చూస్తుంది. గుర్రాలన్నీ ఉన్నాయో లేవో చూస్తుంది. నీళ్ళ తోలుతిత్తి నిండుగా ఉందా అని తట్టి చూస్తుంది, నిండుగానే ఉంటుంది, అయినా ఇంకో చెంబు పోస్తుంది. వచ్చి కూర్చుంటుంది. మళ్ళీ లేస్తుంది. మొదట్లో ఆమెతో పాటు లేచిన కుక్క కూడా విసిగిపోయి, ఇప్పుడు పడుకున్న చోటినుంచే కళ్ళు తిప్పి చూసి ఊరుకుంటుంది.

ఇంకో చాదస్తం కూడా ఉంది. మా ఇల్లయిన బండి దగ్గరకు ఎవరొచ్చినా, పేరూ ఊరూ అడగకముందే నీళ్ళిస్తుంది. దాహం లేదన్న గ్రీకు వర్తకుణ్ణి ఒకసారి తాగేదాకా కదలనివ్వలేదు. పాపం, ఆయన తాగి, దండం పెట్టి, తెచ్చిన సరుకు చూపించడం మరిచి వెళ్ళిపోయాడు.

పందొమ్మిదేళ్ళప్పుడు కూడా సవాగ ఇంతే, కాకపోతే అప్పుడు ఆ తిరుగుడంతా గుర్రం మీద. ఆమెకంటే మూడేళ్ళు పెద్దది అక్క రౌక్ష. ఒకే తల్లి కడుపున పుట్టారంటే నమ్మడం కష్టం. రౌక్షను బండి నీడలో కూర్చోబెట్టి, చేప బంక గిన్నె ముందు పెడితే రోజంతా కదిలేది కాదు. ఆమె నరాలు చుట్టి బంక పట్టించిన విల్లు వానాకాలంలో కూడా ఊడేది కాదు. ఆమె చేసిన బాణం చెప్పిన చోటికి పోయేది. కానీ గుర్రం ఎక్కిందంటే మొహం తెల్లబడేది. దాడి అంటే చాలు, బయలుదేరకముందే బండి వెనక్కి పోయి తిన్నదంతా కక్కి వచ్చేది.

మాలో ఎవరి బాణానికి వాళ్ళ గుర్తు ఉంటుంది. ఈకల కింద రంగు గీతలు. సవాగవి రెండు ఎర్ర గీతలు, రౌక్షవి మూడు నల్ల గీతలు. సవాగ బాణాలకు ఇంకో గుర్తు కూడా ఉండేది, అది రంగుతో వేసింది కాదు.

"మళ్ళీ కొరికావా?" అంది రౌక్ష ఒక రోజు బాణాలు సరిచేస్తూ. "చూడు, తోకంతా ఎలుక తిన్నట్టుంది."

"కాపు కాసేటప్పుడు నోరు ఊరికే ఉండదే అక్కా."

"అయితే ఎముక పెట్టుకో నోట్లో. నేను తోకకు గాడి కోసేది నారి కూర్చోవడానికి, నీ పళ్ళు కూర్చోవడానికి కాదు."

సవాగ పైపళ్ళలో ఒకటి చిన్నప్పుడు గుర్రప్పిల్ల తన్ని సగానికి విరిగింది. అందుకే ఆమె కొరికిన చోట ఒక గుంట, పక్కన నున్నగా కాస్త ఖాళీ, మళ్ళీ ఒక గుంట పడేవి. ఆ అల్లరి తప్ప చేతి పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. ఒకటే లోపం, తొందర. ఆడపిల్లల దండును నడిపే అర్గోద అనే పెద్దామె ప్రతి దాడి తర్వాతా అదే మాట అనేది.

"శత్రువు ఇంకా వాళ్ళింట్లో బూట్లు తొడుక్కుంటుంటే నువ్వు ఇక్కడ బాణం వదులుతావేమే? వాణ్ణి కాస్త రానియ్యి."

రానివ్వడం సవాగకు చేతయ్యేది కాదు. మూడు దాడులకు వెళ్ళింది, మూడుసార్లూ బాణాలన్నీ ముందే గుమ్మరించి, ఒట్టి సంచితో తిరిగొచ్చింది.

అది ఆమెకు ఎంత కష్టమో చెప్పాలంటే వసంతపు గంగాళం సంగతి చెప్పాలి. పచ్చగడ్డి మొలిచే రోజుల్లో మా గుంపు పెద్ద ఒక పెద్ద గంగాళం నిండా ద్రాక్షసారాయి పోయిస్తాడు. శత్రువును చంపినవాళ్ళు, ఆడైనా మగైనా, దాని చుట్టూ కూర్చుని తాగుతారు. చంపనివాళ్ళు గుర్రాలను కట్టే తాళ్ళ దగ్గర విడిగా కూర్చుని చూస్తారు. ఆ విడి పంక్తిలో ఉన్నంతకాలం ఆడపిల్లకు పెళ్ళి లేదు, దాడికి పోవడం తప్పదు. సవాగకేమో పక్క బండిలో గుర్రాలను మచ్చిక చేసే కసాగు అనేవాడు ఉన్నాడు. తను ఒకణ్ణి చంపేదాకా ఆగమని ఆమె, ఆగుతానని అతను, పదహారో ఏటే అనుకున్నారు. ఆగనిది కసాగు తల్లి.

"ఇంకెన్నాళ్ళురా?" అని ఆమె అందరికీ వినపడేలా అడిగేది. "ఆ పిల్ల సిథియన్లను చంపేలోపు వాళ్ళు ముసలితనంతో చచ్చేట్టున్నారు."

ఆ ఏడు గడ్డి పసుపెక్కిన రోజుల్లో సిథియన్లు నది దాటి మా గుర్రాల కోసం వచ్చారు. తెల్లవారుతుండగా, నీటి మీద పొగమంచు ఇంకా లేవకముందు. అర్గోద కేక వేసేసరికి సవాగ అప్పటికే గుర్రం మీద ఉంది. ఎప్పటిలాగే మొదట చేరింది, ఎప్పటిలాగే మంచులో కదిలిన ప్రతి నీడ మీదా బాణం వదిలింది. కాసేపటికి సంచిలో చెయ్యి పెడితే వేళ్ళకు అడుగు తగిలింది.

వెనకనుంచి రౌక్ష వచ్చింది. గుర్రం మెడను రెండు చేతులా వాటేసుకుంది, మొహం బూడిద రంగులో ఉంది.

"అయిపోయాయి కదా?" అంది.

"అయిపోయాయి."

రౌక్ష తన బాణాలన్నీ తీసి చెల్లెలి సంచిలో కుక్కింది. ఏడో ఎనిమిదో ఉన్నాయి. "ఇవి మంచివి. పారెయ్యకు. నన్ను మాత్రం ఇక్కడే ఉండనియ్యి," అంది.

అక్క నెల రోజులు కూర్చుని చేసిన బాణాలు. వాటిని నీడల మీద వదలడానికి సవాగకు చేతులు రాలేదు. రెల్లుపొదల్లోకి గుర్రాన్ని తోలి, జీవితంలో మొదటిసారి ఆగింది. ఒక బాణం తీసి నోట్లో పెట్టుకుని, తోక కొరుకుతూ నిలబడింది. గుర్రం కాలు మార్చితే తొడతో నొక్కింది. మంచు పలచబడింది. ఒక మనిషి మా గుర్రాల తాడు కోస్తూ కనిపించాడు. గడ్డం నెరుస్తున్నవాడు, ఇంట్లో పిల్లలున్నవాడిలా ఉన్నాడు. సవాగ బాణం నోట్లోంచి తీసి నారికి తొడిగింది. ఒక్కటే వదిలింది.

అతను పడ్డాడు. ఆమె గుర్రం దిగి అతని దగ్గరకు పోయింది. ఒంగింది. తర్వాత పరుగున నది వైపు పోయి, మళ్ళీ పరుగున వచ్చింది. అప్పటికి అతను కదలడం లేదు. ఆ కాసేపట్లో ఏం జరిగిందో ఆమె తాతకు కూడా చెప్పలేదు.

గొడవ సద్దుమణిగాక అర్గోద ఒక్కొక్క శవం దగ్గరా ఆగి బాణం లాగి చూసింది. మా దగ్గర ఎవరు చంపారో నోటితో చెప్పుకోరు, బాణం చెబుతుంది. నెరిసిన గడ్డం మనిషి ఛాతీలోంచి లాగిన బాణాన్ని ఆమె తొడకు తుడిచి, ఈకల కింద చూసింది.

"మూడు నల్ల గీతలు," అంది గట్టిగా. "రౌక్ష. చివరికి నువ్వూ చేశావే తల్లీ."

ఆడవాళ్ళంతా రౌక్ష వీపు చరిచారు. సవాగ నోరు తెరిచింది. అప్పుడే అక్క మొహంలోకి రంగు రావడం చూసింది. ఇంకెప్పుడూ గుర్రమెక్కి నది వైపు రానక్కర్లేదని రౌక్షకు ఒక్కసారిగా తెలిసినట్టుంది. సవాగ తెరిచిన నోరు మూసుకుంది. సిథియన్లకేం కరువు, వచ్చే నెల ఇంకొకడు దొరుకుతాడు అనుకుంది.

బండి దగ్గర రౌక్ష ఆమె చెయ్యి పట్టుకుంది. "అది నువ్వే కదే?"

"ఆ."

"మరి చెప్పవేం? కసాగు వాళ్ళమ్మ..."

"ఆమెకు వచ్చే నెల చెబుతా. నువ్వు గుర్రమెక్కితే నీకంటే గుర్రమే ఎక్కువ భయపడుతోంది. దాని మీద జాలేసింది, సరేనా? చెప్పనని పొయ్యి మీద ఒట్టెయ్యి."

రౌక్ష నవ్వింది, తర్వాత ఏడ్చింది, తర్వాత ఒట్టేసింది. శుభమని ఆ బాణాన్ని కడిగి తన బండి గడపకు కట్టుకుంది. కడిగేటప్పుడు తోక వైపు చూసింది.

ఇక్కడ మా అవ్వ తెలివి ఎంతటిదో చూడండి. ఆ చలికాలం నది గడ్డకట్టగానే రెండు ఒడ్డుల పెద్దలూ మంచు మీద కలుసుకున్నారు. చేతులు కోసుకుని, రక్తం సారాయిలో కలిపి, కత్తి ముంచి, ఒకే గిన్నెలో తాగారు. ఇక దాడులు లేవు. అమ్మలు దేవతకు మొక్కారు, ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. గుంపంతటిలో ఏడుపుమొహం వేసుకున్నది సవాగ ఒక్కతే.

మొదటి వసంతంలో రౌక్ష గంగాళం దగ్గర కూర్చుంది, సవాగ తాళ్ళ దగ్గర కూర్చుంది. రెండో వసంతానికి రౌక్షకు బండి చక్రాలు చేసే మనిషితో పెళ్ళయింది. మూడో వసంతానికి ఒళ్ళో బిడ్డ. సవాగ పక్కన ఏటేటా కొత్త పిల్లలు వచ్చి కూర్చునేవారు, అందరికంటే ఆమె తల పైకి ఉండేది. పన్నెండేళ్ళ పిల్ల ఒకతి "అత్తా, నువ్వు మాకు కాపలానా?" అని అడిగింది కూడా.

ఆమె రోజూ ఒడ్డు పొడుగునా గుర్రం తోలేది. కాలు నిలిచేది కాదు, తిండి సయించేది కాదు. శాంతి ఎలాగైనా చెడితే బాగుండునని, చెడితే మళ్ళీ ఒకడి మీద ఒంగాలి కదా అని, ఈ రెంటి మధ్యా ఆమె గుర్రం అరిగిపోయింది. అవతల గొర్రెలు కాసుకునే ఒక సిథియన్‌ను రోజూ తిట్టేది.

"ఏమయ్యా, చేతులు పడిపోయాయా మీ వాళ్ళకు? రండి, ఒక్క గుర్రం ఎత్తుకుపోండి చూద్దాం."

"నువ్వెక్కిన ఆ గుర్రమేనా?" అని అతను తాపీగా అరిచేవాడు. "అది మాకొద్దమ్మా. ముసలిది. మీరే ఉంచుకోండి."

మూడో చలికాలంలో మంచు తుఫాను పట్టి దారి తప్పిన ఒక సిథియన్ ఆమెకు రెల్లుపొదల దగ్గర ఎదురుపడ్డాడు. ఒంటరివాడు. చుట్టూ పది బారల దూరానికి ఏమీ కనపడటం లేదు. ఎర్ర గీతల బాణం నారి మీదే ఉంది. వదిలితే చూసేవాళ్ళు లేరు, తుఫానులో పొరపాటంటే కాదనేవాళ్ళూ లేరు. వసంతంలో గంగాళం, గంగాళం తర్వాత కసాగు. అతను చేతులు పైకెత్తాడు, పెదాలు పగిలి ఉన్నాయి. ఆమె చాలాసేపు అలాగే గురి పెట్టి ఉంది. చివరికి విల్లు దించి, పైబట్ట లోపల గడ్డకట్టకుండా దాచుకున్న తోలుతిత్తి తీసి అతని మీదికి విసిరింది.

అతను తాగి గడ్డం తుడుచుకున్నాడు. "నేనడగలేదే," అన్నాడు.

"తాగావా? ఇక పో. నది అటు."

నాలుగో వసంతానికి కసాగు తల్లి మాటలు ఆపి పనిలోకి దిగింది. అంతకుముందు కసాగు ఒక ఏడు గుర్రానికి జబ్బన్నాడు, ఒక ఏడు తన కాలు బెణికిందన్నాడు, ఒక ఏడు ఏమీ చెప్పకుండా పది రోజులు గడ్డిమైదానంలోకి పారిపోయాడు. ఈసారి తల్లి ఎగువనుంచి ఒక పిల్లను బండిలో ఎక్కించుకుని సరాసరి గంగాళం దగ్గరకే తెచ్చింది. ఆ పిల్ల ఇద్దరిని చంపింది. మొహం కూడా బాగుంది. మొదటి గిన్నెలు తిరిగాక మాట ఖాయం చేస్తామని అందరికీ చెప్పారు.

కసాగు తాళ్ళ దగ్గరకు వచ్చి సవాగ ముందు నిలబడ్డాడు. "ఏదైనా చెప్పు," అన్నాడు.

"ఏం చెప్పమంటావు?"

"నాకేం తెలుసు? అబద్ధమైనా సరే. నా దగ్గర జబ్బులన్నీ అయిపోయాయి."

సవాగ లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. ఒట్టు వేయించింది తనే.

గంగాళం దగ్గర గిన్నె రౌక్ష చేతికి వచ్చింది. రౌక్ష తాగలేదు. గిన్నె కింద పెట్టి, పైబట్టలోంచి ఒక బాణం తీసింది.

"పెద్దయ్యా," అంది గుంపు పెద్ద ఫిదాకుతో, "ఈ బాణం నాదే. వదిలింది మాత్రం నేను కాదు."

సవాగ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. "పొయ్యి మీద ఒట్టేశావు నువ్వు," అంది పళ్ళ మధ్యనుంచి.

"అది అమ్మ బండిలో పొయ్యి," అంది రౌక్ష. "నాకిప్పుడు వేరే పొయ్యి ఉంది. పెద్దయ్యా, గీతలు చూడకండి, తోక చూడండి."

ఫిదాకు బాణాన్ని అటూ ఇటూ తిప్పి అర్గోదకు ఇచ్చాడు. అర్గోద కంటి దగ్గర పెట్టుకుని చూసింది. ఒక గుంట, నున్నగా కాస్త ఖాళీ, మళ్ళీ ఒక గుంట. పెద్దామె లేచి సవాగ దగ్గరకు వచ్చి, గుర్రం వయసు చూసేవాళ్ళలా గడ్డం పట్టుకుంది.

"నోరు తెరువ్."

సవాగ తెరవలేదు.

"తెరవవే. నాలుగేళ్ళు మూసుకున్నది చాలు."

తెరిచింది. అర్గోద బాణాన్ని అడ్డంగా పళ్ళ మధ్య పెట్టింది. చక్రంలో ఇరుసు కూర్చున్నట్టు గుంటల్లో పళ్ళు కూర్చున్నాయి. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. కసాగు ముందుకొచ్చాడు.

"ఇంకో సాక్ష్యం కావాలంటే నా పగ్గం తెస్తాను. దాని నిండా అవే గుర్తులు. దాన్ని ఏ ఎలుక తింటోందా అని మా అమ్మ మూడేళ్ళుగా వెతుకుతోంది."

ఈసారి ఎగువ పిల్ల కూడా నవ్వింది. కసాగు తల్లి ఒక్కతే నవ్వలేదు.

"గీతలు చూశాను, తోక చూడలేదు," అంది అర్గోద మెల్లగా. "తప్పు నాది."

ఫిదాకు తీర్పు చెప్పాడు. తనది కాని గిన్నె తాగింది కాబట్టి రౌక్ష ఇకనుంచి బిడ్డతో సహా తాళ్ళ దగ్గర కూర్చోవాలి. నిజం దాచింది కాబట్టి సవాగ నాలుగు వసంతాలు గంగాళం దగ్గర అందరూ కూర్చున్నా తను నిలబడే తాగాలి.

"నాకా సారాయి ఎప్పుడూ పడలేదు పెద్దయ్యా," అని రౌక్ష సంతోషంగా లేచి పోయింది.

సవాగకు కూడా శిక్ష పడినట్టు లేదు. ఆమెను కూర్చోమని ఉంటే అది శిక్ష. గిన్నె అందుకుని నిలబడే తాగింది. తాగుతుంటే అందరూ అరిచారు. ఆమె చూపు మాత్రం నది వైపు, రెల్లుపొదల వైపు ఉంది. గిన్నె అడుగున కాస్త మిగిల్చి, ఎవరూ చూడకుండా నేల మీద పోసింది. ఆ వేసవిలో పెళ్ళయింది. సంధి తెగింది, కూడింది, మళ్ళీ తెగింది. సవాగ ఎన్నోసార్లు దండుతో వెళ్ళింది, గుర్రాలను కాపాడింది, దెబ్బలు తిన్నది. ఆమె విల్లు ఇప్పటికీ బండిలో వేలాడుతూనే ఉంది. రౌక్ష చేసింది కాబట్టి బంక ఊడలేదు.

రేవు పట్టణంలో గ్రీకు గుమాస్తా నేర్పిన సగం అక్షరాలతో ఇదంతా తోలు మీద రాసి, నిన్న పొద్దున అవ్వకు చదివి వినిపించాను. నిలబడే వింది. మధ్యలో రెండుసార్లు పోయి తోలుతిత్తి చూసుకుని వచ్చింది. రౌక్ష పేరు వచ్చినప్పుడు ముక్కు చీదింది. అంతా అయ్యాక అడిగింది:

"మొదట్లో ఎంతమంది అన్నావే?"

"మూడు వందలు అవ్వా. తాత లెక్క."

"మీ తాతకు తాగుడెక్కువ, నీకు చదువు తక్కువ. చంపింది ఒక్కణ్ణే. వాడు నీళ్ళడిగాడు, నేను నదికి పోయి వచ్చేలోపు పోయాడు. మూడొందల మందికి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చేదాన్ననుకున్నావు? అది చెరిపెయ్యి. చెరిపేసి పోయి గుర్రాలకు నీళ్ళు పెట్టు."